బేర్ రూట్ గులాబీలు పార్సిల్‌ల తెప్పించుకునుడు: ఆర్డర్ నుంచి మొదటి మొగ్గ దాకా

మట్టి లేకుండ వట్టి వేర్లతోటి వచ్చే గులాబి మొక్కల్ని నర్సరీ వాళ్లు బేర్ రూట్ అంటరు. ఇవి పార్సిల్‌ల తెప్పించుకుంటే మన దిక్కు బతుకుతయా, ఎట్ల నాటాలె అని హన్మకొండ, కరీంనగర్, మంచిర్యాల నుంచి మస్తు మంది అడుగుతున్నరు. మంచిగ బతుకుతయి. కాని మొక్క ఇంటికి రాకముందే బొంద తవ్వి, ఎరువు కలిపి, నీడకు ఏర్పాటు చేసి పెట్టుకోవాలె. ఎక్కువ మంది దీన్ని ఉల్టా చేస్తరు, ముందు ఆర్డర్ పెడ్తరు, డబ్బా వచ్చినంక ఎర్రమట్టి ఏడ దొరుకుతది, పెంట ఎవరిస్తరు అని తిరుగుతరు, ఆ రెండు మూడు రోజులల్లనే వేర్లు ఎండుతయి.

బాగ చలి ఉండే దేశాలల్ల గులాబి ఆకు రాల్చి పూర్తిగ నిద్రపోతది, అప్పుడు మట్టి లేకుండ కొన్ని వారాలు ఉన్నా దానికేం కాదు. మన దేశంల చాలా చోట్ల అది అట్ల నిద్రపోదు. నర్సరీ వాళ్లే ఆకులు తెంపి కొమ్మలు కత్తిరించి పంపిస్తరు, లోపట రసం మాత్రం తిరుగుతనే ఉంటది. అందుకే ఇక్కడ ప్రతి రోజు లెక్కల్నే ఉంటది.

మరి గింత కష్టమెందుకు, నర్సరీల కవర్ మొక్క కొనుక్కోవచ్చు కదా అంటే, కొనుక్కోవచ్చు. కాని కవర్‌ల మొక్క కొంటే వేరు ఎట్లున్నదో కనపడదు, కొన్నింటికి గట్టి బంకమట్టి ముద్ద చుట్టి ఉంటది, ఆ ముద్దను అట్లనే పాతితే వేరు దాన్ని దాటి బయటికి రానీకి తిప్పలు పడ్తది. బేర్ రూట్‌ల వేరు కండ్ల ముందరనే ఉంటది. పేరున్న రకాలు కూడా ఎక్కువ దొరుకుతయి.

1. ఏ నెలల తెప్పించుకోవాలె

నవంబర్ మొదటి వారం నుంచి జనవరి మధ్య దాకా. ఆర్డర్ మాత్రం బతుకమ్మ పండుగ టైమ్‌కే పెట్టేయండి, అడిగినోళ్లకు ముందు ఇచ్చేస్తరు కాబట్టి మంచి రకాలు తొందరగ అయిపోతయి. మొక్కలు దీపావళి దాటినంక పంపమని చెప్పండి.

సంక్రాంతి దాటితే ఆ ఏడాదికి ఆపేయండి. ఫిబ్రవరి ఆఖరుకే ఎండ ముదురుతది, కొత్త వేరు పట్టనీకి మొక్కకు కనీసం నెలన్నర చల్లదనం ఉండాలె. రామగుండం, మంచిర్యాల దిక్కు ఎండలు ఇంకా గట్టిగ ఉంటయి కాబట్టి మీరు డిసెంబర్‌లనే నాటేయండి. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వాళ్లకు ఇంకో సంగతి, డిసెంబర్ రాత్రుల చలికి అక్కడ చిగురు లేట్‌గ వస్తది, మొక్క సచ్చిందనుకోని పీకేయకండి.

పండుగ వారం పార్సిల్ దారిల ఉండకుండ చూసుకోండి.

2. ఆర్డర్ పెట్టకముందే బొంద, మట్టి

మొక్క రావడానికి పదిహేను రోజుల ముందే ఈ పని అయిపోవాలె. అప్పుడే మట్టి కుదురుకుంటది, పెంట వేడి తగ్గుతది.

ముందు జాగ చూసుకోండి. పొద్దుగాల నుంచి కనీసం అయిదారు గంటలు ఎండ పడాలె, పడమర ఎండ మధ్యాహ్నం మూడు దాటినంక గోడ నీడకు ఆగిపోతే ఇంకా మంచిది, మే నెలల ఆ గోడనే మొక్కను కాపాడ్తది. పెద్ద వేపచెట్టు, మామిడిచెట్టు పక్కన వేయకండి, వాటి వేర్లు వచ్చి ఎరువంతా తాగేస్తయి.

బొంద ఒకటిన్నర అడుగు వెడల్పు, ఒకటిన్నర అడుగు లోతు. పెద్ద పూల రకాలకు, అంటే హైబ్రిడ్ టీకి, మొక్కకు మొక్కకు రెండున్నర అడుగులు, గుత్తులు పూసే ఫ్లోరిబండాకు రెండు అడుగులు, మినియేచర్‌కు ఒక అడుగు దూరం పెట్టండి. తీగ గులాబి అయితే ఆరేడు అడుగులు వదలండి.

ఒక్కో బొందకు కలుపుకునేది:
- తవ్వి తీసిన పైమట్టి (అడుగున వచ్చే మొరం పడేయండి)
- బాగ మాగిన పెంట ఎరువు ఒక తట్ట
- వేప పిండి 200 గ్రాములు
- ఎముకల పొడి 100 గ్రాములు

వరంగల్ చుట్టూ చల్క నేలలల్ల చెదల బాధ ఎక్కువ, అందుకే వేప పిండి మానకండి. మాగని పెంట కూడా చెదల్ని పిలుస్తది. కోళ్ల ఫారం ఎరువు చవుకగ దొరుకుతదని చాలమంది వేస్తరు, పచ్చి కోళ్ల ఎరువు కొత్త వేరును కాల్చేస్తది, ఏడాది మాగితే తప్ప ముట్టుకోవద్దు. యూరియా, డీఏపీ బొందల అస్సలు వద్దు.

చల్క, దుబ్బ నేలలల్ల నీళ్లు తొందరగ ఇంకిపోతయి, అక్కడ పెంట కొద్దిగ ఎక్కువ వేస్తే సరిపోతది. రేగడి అయితేనే జాగ్రత్త. బొంద నిండ నీళ్లు పోసి చూడండి, తెల్లారేసరికి కూడా నీళ్లు అట్లనే ఉన్నయంటే అందులో గులాబి వేస్తే వేరు కుళ్లుతది. అట్లాంటి చోట బొంద తవ్వుడు కాదు, భూమి మీద ఒక అడుగు ఎత్తు మడి కట్టి అందులో నాటండి.

కుండీ అయితే కనీసం 12 అంగుళాలది, 14 అయితే ఇంకా మంచిది, అడుగున బొక్కలు తప్పకుండ ఉండాలె. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు పెంట లేదా వర్మీ కంపోస్ట్, ఒక పాలు కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) లేదా బాగ మాగిన ఊక. రైస్ మిల్ బాయిలర్ బూడిద ఫ్రీగ వస్తదని తట్టలు తట్టలు కలపకండి, అది క్షారం, ఆకులు పసుపు పడ్తయి. ఇసుక బదులు క్రషర్ డస్ట్ వేసినా మెత్తటి పొడి గట్టిపడి నీళ్లు దిగవు.

3. రకాలు

మొదటిసారి తెప్పించుకునేటోళ్లు నాలుగైదు మొక్కలతోటి మొదలుపెట్టండి. ఫొటోలు చూసి ఇరవై రకాలు టిక్ చేసుడు సులువే, ఒక్కనాడు ఇరవై బొందలు నాటుడు సులువు కాదు.

మన ఎండకు తట్టుకునేటివి: గ్లాడియేటర్ గట్టి మొక్క, ఎర్ర పూలు పెద్దగ వస్తయి. తెల్లటి గుత్తులకు ఐస్‌బర్గ్. గులాబి రంగుకు క్వీన్ ఎలిజబెత్, ఎత్తు బాగ పెరుగుతది. వాసన కావాలంటే డబుల్ డిలైట్, దాని అంచు ఎరుపు ఎండను బట్టి మారుతుంటది, చలికాలంల ఒక తీరు, ఎండకాలంల ఒక తీరు కనపడితే వేరే మొక్క పంపిండ్రనుకోవద్దు. ఢిల్లీ పూసా సంస్థ తయారు చేసిన రక్తగంధ, మోహిని కూడా అడిగి చూడండి, మోహిని చాక్లెట్ రంగు. ఎం.ఎస్. వీరరాఘవన్ గారు మన దేశపు అడవి గులాబీలతోటి సంకరం చేసి వెచ్చటి ప్రాంతాల కోసమే తెచ్చిన రకాలు ఏవైనా లిస్ట్‌ల కనపడితే వదలకండి, మన వాతావరణానికి గట్ల ఆలోచించి చేసిన రకాలు తక్కువ.

నీలం గులాబి, ఏడు రంగుల గులాబి అని ఫొటో పెట్టి అమ్మేటోళ్ల కాడ ఏదీ కొనకండి. నిజమైన నీలం గులాబి మొక్క లేదు. జపాన్‌ల సన్‌టోరీ కంపెనీ జన్యువు మార్చి 2009ల అమ్మకానికి తెచ్చిన అప్లాజ్ కూడా లేత ఊదా రంగే. గులాబి విత్తనాల ప్యాకెట్లు కూడా వద్దు, పేరున్న రకం విత్తనంతోటి అదే తీరు రాదు.

4. పైసలు కట్టకముందు నర్సరీ వాళ్లను అడగాల్సినవి

ఫోన్‌ల కాదు, వాట్సాప్‌ల రాసి అడగండి, జవాబు కూడా రాతల ఉండాలె.

- మొక్క అంటు కట్టిందా, కటింగ్‌తోటి పెంచిందా?
- ఏ వేరు మొక్క (అంటు కింద వేరునిచ్చే మొక్క) మీద అంటు కట్టిండ్రు? సున్నం ఉన్న రేగడి, ఉప్పు బోరు నీళ్లు ఉన్నోళ్లు ఇది తప్పకుండ అడగాలె, మల్టీఫ్లోరా అనే అడవి గులాబి వేరు అట్లాంటి నేలల సరిగ పనిచేయదు, ఆకులు పసుపు పడ్తయి.
- అంటు కట్టి ఎన్ని నెలలయింది? కొమ్మలు ఎన్ని, పెన్సిల్ మందం ఉన్నయా?
- ఏ రోజు తవ్వుతరు, ఏ రోజు పంపిస్తరు? తవ్విన రోజో తెల్లారో పంపాలె.
- ఏ కొరియర్? మా పిన్‌కోడ్‌కు ఇంటిదాకా తెస్తరా, హన్మకొండ ఆఫీస్‌కు మేమే పోవాల్నా?
- అడిగిన రకం లేకపోతే చెప్పకుండ వేరేది పంపిస్తరా?
- మొక్క సచ్చి వస్తే ఏం చేస్తరు, ఎన్ని గంటలల్ల చెప్పాలె?
- ప్యాకింగ్, కొరియర్ కలిపి మొత్తం ఎంత?

సోమవారమో మంగళవారమో పంపమని గట్టిగ చెప్పండి. శుక్రవారం పంపిన డబ్బా ఆదివారం ఏదో గోదాంల పడి ఉంటది. ఊర్లల్ల ఉండేటోళ్లు, ములుగు, భూపాలపల్లి అవతల ఉండేటోళ్లు ముఖ్యంగ, ఇంటి అడ్రస్ కాకుండ దగ్గరి టౌన్‌ల కొరియర్ ఆఫీస్‌కే తెప్పించుకోని పోయి తెచ్చుకోండి, ఒకటి రెండు రోజులు మిగులుతయి.

మొత్తం ఎంత అన్న చివరి ప్రశ్నకు జవాబు సరిగ ఇయ్యని నర్సరీల రేటు ఎంత తక్కువున్నా నేనైతే కొనను.

5. డబ్బా వచ్చిన రోజు

డబ్బా విప్పేటప్పుడు మొదటి నుంచి చివరి దాకా కట్ చేయకుండ వీడియో తీయండి, డబ్బా మీద ఉన్న తారీఖు, అడ్రస్ చీటీ అందులో పడాలె. తర్వాత క్లెయిమ్‌కు ఇదే పనికొస్తది.

విప్పుడు నీడల, గాలి తగలని చోట. గచ్చు మీద ఎండల పరుచుకోని ఫొటోలు తీసుకుంట కూసుంటే సన్న వేర్లు అరగంటల ఎండుతయి. పక్కనే ఒక తడి గోనెసంచి పెట్టుకోని, ఒక్కో మొక్క చూసి దాని మీద పెట్టి కప్పండి.

చూడాల్సినవి:
- కొమ్మను గోరుతోటి జర గీకండి. కింద పచ్చగ ఉంటే ప్రాణం ఉన్నట్టే. గోధుమరంగు ఉంటే ఇంకొంచెం కిందికి గీకి చూడండి, అంటు కాడ పచ్చగ ఉన్నా మొక్క లేస్తది.
- అంటు కట్టిన చోటు గట్టిగ ఉందా, పగిలిందా, ఊగుతున్నదా.
- లావు వేర్లు మూడు నాలుగు ఉండి వాటికి సన్న వేర్లు ఉన్నయా.
- వేరు వంచితే వంగుతున్నదా, పుటుక్కుమని ఇరుగుతున్నదా.
- అంటు కాడ, వేర్ల మీద గడ్డలు ఉన్నయా. పెద్ద గరుకు గడ్డ అయితే అది క్రౌన్ గాల్ అనే గడ్డ తెగులు కావచ్చు, వేర్లంత పూసల తీరుగ బుడిపెలు ఉంటే నులిపురుగు. రెండింట్ల ఏదున్నా నాటకండి, మీ మట్టికి కూడా అంటుకుంటది. ఫొటో తీసి వాపస్ అడగండి.
- పేరు చీటీ ఉందా. చీటీ తడికి చినిగేటట్టుంటే అప్పుడే వేరే ప్లాస్టిక్ ముక్క మీద రాసుకోండి.

కొమ్మ మీద తెల్లటి బూజు పలుచగ ఉంటే భయపడకండి, డబ్బాల తడికి వచ్చిందే, తడి బట్టతోటి తుడిస్తే పోతది. బూజు కింద కొమ్మ మెత్తబడ్డదంటే ఆ ముక్క కోసేయాలె.

దారిల చీకట్ల తెల్లటి సన్న చిగుర్లు వచ్చి ఉంటే వాటిని తెంపేయండి. అవి ఎండకు నిలబడవు, ఉన్నన్ని రోజులు మొక్క బలం తాగుతయి.

6. నానబెట్టుడు, కత్తిరించుడు

బకెట్ నీళ్లల్ల వేర్లు, అంటు కట్టిన చోటు మునిగేటట్టు నాలుగు నుంచి ఆరు గంటలు నానబెట్టండి. వేర్లు బాగ వాడి వస్తే ఒక రాత్రంతా ఉంచొచ్చు. 24 గంటలు మాత్రం దాటనీయకండి, గాలి ఆడక వేరు కుళ్లుడు మొదలైతది. నల్లా మూతి కాడ తెల్లటి పొక్కు కట్టే బోరు నీళ్లుంటే వాటి బదులు మిషన్ భగీరథ నల్లా నీళ్లు పట్టుకోండి. పాత వాన నీళ్లుంటే ఇంకా మంచిది.

తీసినంక ఇరిగిన, నల్లబడ్డ వేర్లను మంచి వేరు కనపడే దాకా కోయండి. మంచి వేరు లోపట తెల్లగ ఉంటది. బాగున్న వేరును డబ్బాల పట్టట్లేదని, బొందల పట్టట్లేదని పొట్టిగ కోయొద్దు, బొందనే పెద్దగ చేయండి.

కొమ్మలు మూడు నాలుగు కన్నులు (చిగురు పుట్టే చోట్లు) మిగిలేటట్టు, ఆరు నుంచి ఎనిమిది అంగుళాలకు కత్తిరించండి. బయటి దిక్కు చూసే కన్ను పైన పావు అంగుళం వదిలి వాలుగ కోత పెట్టాలె. కోసిన చోట నడుమ బెండు తెల్లగ కనపడాలె, గోధుమరంగు ఉంటే ఇంకో కన్ను కిందికి దిగండి. ఇంత మంచి కొమ్మ కోసుడెందుకని చాలమందికి మనసొప్పదు, కాని వేర్లు సగం తెగి వచ్చిన మొక్క అంత కొమ్మకు నీళ్లు తోడలేదు, మీరు కోయకపోతే అదే పైనుంచి ఎండుకుంట వస్తది.

తర్వాత లీటర్ నీళ్లకు కాపర్ ఆక్సీక్లోరైడ్ 3 గ్రాములు గానీ, కార్బెండజిమ్ 1 గ్రాము గానీ (రెండూ బూజు తెగుళ్ల మందులే) కలిపి వేర్లను ఇరవై నిమిషాలు ముంచండి, చేతులకు గ్లౌజులు వేసుకోండి. కోసిన కొమ్మ కొసలకు అదే కాపర్ మందును కొద్ది నీళ్లతోటి పేస్ట్ చేసి రాయండి.

ఆ రోజే నాటలేని పరిస్థితి వస్తే నీళ్లల్ల ఉంచకండి. నీడల ఒక చిన్న కాలువ తీసి మొక్కల్ని ఏటవాలుగ పండబెట్టి వేర్లు, సగం కొమ్మలు తడి మట్టితోటి కప్పండి. రెండు మూడు రోజులు ఆగుతయి.

7. నాటుడు

సాయంత్రం నాలుగు దాటినంక మొదలుపెట్టండి, రాత్రి చల్లదనం మొక్కకు దొరుకుతది.

1. ఎర్రమట్టి, నీళ్లు కలిపి ఇడ్లీ పిండి లెక్క చిక్కగ చేసి వేర్లను అందుల ముంచి తీయండి. మట్టి వేరును అంటుకోని ఉంటది, సందులల్ల గాలి మిగలదు.

2. బొందల కలిపిన మట్టి సగం దాకా పోసి నడుమ చిన్న కుప్ప చేయండి. కుప్ప మీద మొక్కను కూసోబెట్టి వేర్లను నాలుగు దిక్కుల కిందికి పరచండి. ఒకే దిక్కు చుట్ట చుట్టి పెడితే తర్వాత మొక్క గాలికి ఊగుతది.

3. బొంద మీద ఒక కట్టె అడ్డంగ పెట్టి లెవెల్ చూడండి. అంటు కట్టిన ముడి మట్టి కంటే ఒకటి రెండు అంగుళాలు పైన ఉండాలె. చలి దేశాలోళ్ల వీడియోలల్ల ముడిని మట్టి లోపటికి పెడ్తరు, అది వాళ్లకు మంచు దెబ్బ తగలకుండ. మన దగ్గర ముడి పూడితే వానకాలంల కుళ్లుతది.

4. మట్టి పోసుకుంట చేత్తోటి నొక్కండి. కాలితోటి తొక్కొద్దు.

5. ఒక బకెట్ నీళ్లు నిమ్మళంగ పోయండి. మట్టి దిగినచోట మళ్లీ పోసి లెవెల్ చేయండి.

6. ఇది చాలమంది చేయరు, కాని బేర్ రూట్‌కు నిజంగ ప్రాణం నిలబెట్టేది ఇదే: కొమ్మల చుట్టూ సగం ఎత్తు దాకా తడి కోకోపీటో మెత్తటి మట్టో కుప్పగ పోయండి. వేరు ఇంకా నీళ్లు తోడలేని టైమ్‌ల కొమ్మ ఎండకుండ ఇది ఆపుతది. చిగుర్లు పొడుచుకోని వచ్చినంక, రెండు మూడు వారాలకు, కొంచెం కొంచెం చేత్తోటి తీసేయండి. పారతోటి గీకితే చిగుర్లు తెగుతయి. కుప్ప అంతా తీసి ముడి బయటపడేటట్టు చేయాలె.

7. పైన 50 శాతం గ్రీన్ షేడ్ నెట్ కట్టండి, నెట్ లేకపోతే తాటికమ్మలు గుచ్చినా సరే.

కోతులున్న కాలనీల అయితే మొక్క చుట్టూ తుమ్మ కంప పెట్టండి, లేదంటే ఇనుప జాలి. కొత్తగ నాటిందాన్ని అవి పీకి పడేస్తయి.

8. మొదటి రెండు నెలలు

చిగురు పది నుంచి ఇరవై రోజులల్ల కనపడ్తది, చలి ఎక్కువుంటే నెల దాకా కూడా పట్టొచ్చు. అప్పటిదాకా మొక్కను ఊపి చూడకండి, పీకి చూడకండి.

నీళ్లు రోజూ చెంబెడు చెంబెడు కాదు. వేలు రెండు అంగుళాలు మట్టిల పెట్టి చూడండి, తడి ఉంటే ఆగండి, పొడిగ ఉంటే నిండుగ పోయండి. నవంబర్, డిసెంబర్‌ల చల్క నేలల రెండు రోజులకొకసారి, రేగడిల నాలుగైదు రోజులకొకసారి అటూ ఇటుగ సరిపోతది. కుప్ప పోసిన కోకోపీట్ మీద మాత్రం రోజూ కొద్దిగ నీళ్లు చల్లండి.

చిగురు నాలుగు అంగుళాలయినంక నెట్‌ను ఒక్కసారే తీయకుండ పొద్దటి ఎండ మొదలు అలవాటు చేయండి.

ఎరువు ఆరు వారాల దాకా ఏదీ వద్దు. తర్వాత లీటర్ నీళ్లకు 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగ ఉండే ఎరువు) రెండు గ్రాములు కలిపి పదిహేను రోజులకొకసారి మొక్క మొదలు కాడ పోయండి. పల్లి చెక్క నానబెట్టిన నీళ్లు కూడా అప్పుడే, బాగ పలుచగ.

మొదటి మొగ్గ శెనగ గింజంత ఉన్నప్పుడే గిల్లేయండి. రంగు ఎట్లుంటదో చూడాలని ఆశ ఉంటే ఒక్క మొగ్గను విచ్చుకోనిచ్చి వెంటనే పొట్టి కాడతోటి తెంపండి. ఆ బలమంత వేరుకు పోతే మార్చి ఎండలకు మొక్క నిలబడ్తది.

9. తేడా వస్తే ఏం చేయాలె

చిగురు వచ్చి వాడిపోయింది: కొమ్మల దాచుకున్న బలంతోటి చిగురు వచ్చింది కాని వేరు పట్టలేదు. ఎండ తగిలితే నీడ పెంచండి, పైన నీళ్లు చల్లండి, ఒక పలుచటి ప్లాస్టిక్ కవర్‌కు బొక్కలు పెట్టి వారం రోజులు తొడగండి. ఎరువు పోసి లేపాలని చూడొద్దు.

కొమ్మ కొస నుంచి నల్లగ ఎండుకుంట కిందికి వస్తున్నది: డై బ్యాక్. పచ్చటి చోటుకు ఒక అంగుళం కిందికి కోసి కాపర్ పేస్ట్ రాయండి. కోసిన కత్తెరను స్పిరిట్‌తోటి తుడిచినంకనే ఇంకో మొక్కకు పెట్టాలె. కోసిన ముక్కలు మొక్క మొదట్ల పడేయకండి.

కొత్త ఆకులు పసుపు, ఈనెలు మాత్రం పచ్చగ: ఇనుము అందుతలేదు, రేగడిల, బోరు నీళ్లు పోసే చోట ఎక్కువ. లీటర్ నీళ్లకు అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) 5 గ్రాములు, నిమ్మ ఉప్పు 1 గ్రాము కలిపి సాయంత్రం ఆకుల మీద కొట్టండి, వారానికి మళ్లీ ఒకసారి. లేత చిగురే ఉన్నప్పుడు సగం డోస్ చాలు.

చిగుర్లు ముడుచుకోని, మొగ్గ అంచులు మాడినట్టున్నయి: తామర పురుగు. లీటర్‌కు వేపనూనె 5 మిల్లీలీటర్లు, కొద్దిగ సబ్బు నీళ్లు కలిపి పొద్దుమూకినంక కొట్టండి. ఫిబ్రవరి నుంచి ఆకు అడుగున సాలెగూడు లెక్క సన్న దారాలు, ఎర్ర చుక్కలు కనపడితే అది ఎర్రనల్లి, ముందు ఆకు అడుగు భాగాన్ని పైపు నీళ్ల జోరుతోటి కడగండి.

నెల దాటినా చిగురు లేదు: అడుగున గీకి చూడండి. పచ్చగ ఉంటే కుప్ప తడిగ ఉంచి ఇంకో రెండు వారాలు ఆగండి. లోపట గోధుమరంగు తిరిగి, వేరు మెత్తగ ఊడి వస్తే ఫొటోలు తీసి నర్సరీకి పంపండి, ఆ బొంద మట్టిని పైకి తీసి ఎండకు ఆరబెట్టినంకనే మళ్లీ వాడండి.

అన్నిటికంటే జోరుగ ఒక కొమ్మ ముడి కింద నుంచి లేస్తున్నది: చూసి సంబరపడ్తరు చాలమంది, అది మీరు కొన్న గులాబి కాదు, కింది వేరు మొక్క. ఆకు తీరు, ముల్లు తీరు పై కొమ్మతోటి కలవదు. కత్తెరతోటి కోస్తే నాలుగు లేస్తయి, అందుకే మట్టి పక్కకు జరిపి అది వేరు కాడ ఏడ పుట్టిందో చూసి కిందికి లాగి మొదలంట పీకేయండి, మట్టి మళ్లీ కప్పి నీళ్లు పోయండి.